బోట్స్వానాలో అధ్యక్షుడు ఎలా ఎన్నికవుతాడు?

[తెరపై: ఆఫ్రికా దక్షిణ భాగం పటం. బోట్స్వానా సరిహద్దులు, రాజధాని గాబొరోనె.]

నమస్కారం. దక్షిణాఫ్రికాకు ఉత్తరాన, చాలావరకు కలహారి ఎడారి పరుచుకున్న దేశం బోట్స్వానా. 1966 సెప్టెంబరు 30న బ్రిటిష్ పాలన నుంచి స్వాతంత్ర్యం పొందిన నాటి నుంచి నేటి వరకు అక్కడ ఎన్నికలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న సందర్భం ఒక్కటీ లేదు. ఆఫ్రికాలో ప్రజాస్వామ్యానికి ఆదర్శమని అందరూ చెప్పుకునే దేశం అది. ఆ పేరు న్యాయమైనదే. కానీ అంతటితో ఆగిపోతే, అక్కడ అధికారమంతా ఒకే పదవి చుట్టూ ఎలా పోగుపడిందో, ఆ పదవికి మనిషిని ఏ పద్ధతిలో ఎంచుకుంటారో మనకు తెలియకుండానే పోతుంది. ఈ వీడియోలో వాటినే వివరంగా చూద్దాం.

[తెరపై: పోలింగ్ కేంద్రం, రెండు బ్యాలెట్ పత్రాలు.]

పోలింగ్ రోజున బోట్స్వానా ఓటరు రెండు ఓట్లు వేస్తాడు. ఒకటి జాతీయ సభకు తన నియోజకవర్గ సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి, రెండోది స్థానిక మండలి సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి. అధ్యక్షుడి కోసం మూడో ఓటంటూ లేదు. జాతీయ సభకు పోటీచేసే ప్రతి అభ్యర్థి, అధ్యక్ష పదవికి తాను ఎవరిని బలపరుస్తున్నాడో నామినేషన్ సమయంలోనే ప్రకటించవచ్చు. ఫలితాలు వెలువడుతున్నప్పుడు, ఏ అధ్యక్ష అభ్యర్థి పక్షాన నిలిచినవారు సగానికి మించిన స్థానాలు గెలుస్తారో, ఆ వ్యక్తిని దేశ ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షుడిగా ప్రకటిస్తారు. ప్రస్తుతం ప్రజలు నేరుగా ఎన్నుకునే స్థానాలు 61 కాబట్టి, 31 స్థానాలు వస్తే చాలు. ఎవరికీ ఆ సంఖ్య దక్కకపోతే, కొత్తగా ఏర్పడిన సభ రహస్య ఓటింగ్ ద్వారా అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది.

మన దేశంలో మెజారిటీ పార్టీ నాయకుడు ప్రధానమంత్రి అయ్యే తీరుకు ఇది దగ్గరగా ఉందని మీకు అనిపించవచ్చు. ఎన్నిక వరకు ఆ పోలిక సరైనదే. ఆ తరువాత దారులు వేరవుతాయి. మనకు రాష్ట్రపతి, ప్రధానమంత్రి ఇద్దరుండగా, బోట్స్వానాలో ఆ రెండు బాధ్యతలూ ఒక్కరివే. దేశాధినేత, ప్రభుత్వాధినేత, సర్వసేనాధిపతి అన్నీ అధ్యక్షుడే. మంత్రివర్గాన్ని ఆయనే నియమిస్తారు, ప్రధాన న్యాయమూర్తినీ ఆయనే నియమిస్తారు. ఏ నియోజకవర్గానికీ ప్రాతినిధ్యం వహించకపోయినా పదవి రీత్యా ఆయన జాతీయ సభలో సభ్యుడే, ఓటు హక్కు కూడా ఉంటుంది. వీటికి తోడు, ప్రజలు ఎన్నుకోని ఆరుగురు ప్రత్యేక సభ్యులు సభలో ఉంటారు. వారిని ఎన్నుకునేది సభే అయినా, అధికార పక్షానికి మెజారిటీ ఉన్నప్పుడు అధ్యక్షుడు సూచించినవారే నెగ్గుతారు.

సభ అవిశ్వాస తీర్మానం పెట్టి అధ్యక్షుణ్ణి దించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రాజ్యాంగం ఆ వీలు కల్పించింది. కానీ తీర్మానం నెగ్గాక అధ్యక్షుడు రాజీనామా చేయని పక్షంలో సభే రద్దవుతుంది, అంటే అందుకు ఓటేసిన సభ్యులు తమ స్థానాలను కూడా పణంగా పెట్టాల్సి వస్తుంది. నా దృష్టిలో ఈ వ్యవస్థలోని అతి పెద్ద లోపం ఇదే. అధ్యక్షుడి పదవి పూర్తిగా సభ్యుల గెలుపు మీద ఆధారపడి ఉన్నప్పటికీ, గెలిచిన మరునాటి నుంచి ఆయనను నిలదీయగల బలం ఆ సభ్యులకు అంతగా మిగలదు.

[తెరపై: 1998, 2008, 2018 ఏప్రిల్ 1 తేదీలు వరుసగా.]

స్వాతంత్ర్యం నుంచి 58 ఏళ్లపాటు పాలించింది ఒకే పార్టీ, బోట్స్వానా డెమొక్రాటిక్ పార్టీ. వ్యవస్థాపక అధ్యక్షుడు సెరెత్సే ఖామా 1980లో పదవిలో ఉండగానే మరణించడంతో క్వెట్ మాసిరే ఆ స్థానంలోకి వచ్చారు. ఆయన హయాం చివర్లో, 1997లో, రాజ్యాంగాన్ని సవరించి అధ్యక్షుడి పదవీకాలాన్ని పదేళ్లకు పరిమితం చేశారు. ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి తగ్గించి, స్వతంత్ర ఎన్నికల సంఘాన్ని ఏర్పాటు చేసింది కూడా ఆ కాలంలోనే. ఇవి నిజమైన సంస్కరణలు, పాలక పక్షమే తన చేతులు తాను కట్టేసుకున్న నిర్ణయాలు. అయితే అధ్యక్షుడు పదవి వీడితే ఉపాధ్యక్షుడు నేరుగా ఆ స్థానంలోకి వచ్చే ఏర్పాటు కూడా వాటితోపాటే వచ్చింది.

దీని పర్యవసానం తేదీల్లోనే కనిపిస్తుంది. 1998 ఏప్రిల్ 1న ఫెస్టస్ మొగాయె, 2008 ఏప్రిల్ 1న సెరెత్సే ఖామా కుమారుడు ఇయాన్ ఖామా, 2018 ఏప్రిల్ 1న మొక్వీత్సి మసీసి అధ్యక్షులయ్యారు. ముగ్గురూ అంతకు ముందు ఉపాధ్యక్షులే, ముగ్గురూ సాధారణ ఎన్నికలకు దాదాపు ఏడాదిన్నర ముందే పదవిలో కూర్చున్నారు. అందువల్ల ఓటర్ల ముందుకు వచ్చేనాటికే ప్రతి కొత్త నాయకుడి చేతిలో ప్రభుత్వ యంత్రాంగం ఉండేది. పదవీకాల పరిమితిని ఎవరూ అతిక్రమించలేదు, కానీ తన తరువాత ఎవరన్నది మాత్రం దిగిపోయే అధ్యక్షుడే నిర్ణయిస్తూ వచ్చాడు.

[తెరపై: గ్రామంలో కొయ్య దుంగల కంచె, దాని లోపల కూర్చున్న జనం.]

ఇక గ్రామాల వైపు వద్దాం. సెట్స్వానా మాట్లాడే సమాజాల్లో ప్రతి ఊరికీ కొట్లా అనే బహిరంగ సభాస్థలం ఉంటుంది. అర్ధచంద్రాకారంలో పాతిన కొయ్య దుంగల కంచె, అవకాశం ఉంటే ఒక చెట్టు నీడ, ముందు భాగంలో కొసి అని పిలిచే సంప్రదాయ పెద్ద ఆసనం. తగాదాలు తీర్చేదీ, ఊరి విషయాలు చర్చించేదీ అక్కడే. మంత్రులు సైతం ప్రభుత్వ విధానాలను వివరించడానికి కొట్లాకు వెళ్లే ఆనవాయితీ ఉంది. ప్రజల వల్లనే కొసి కొసి అవుతాడని అక్కడి సామెత. స్త్రీలకు ఒకప్పుడు ఆ సభలో మాట్లాడే అవకాశం చాలా తక్కువ. 2002లో బలేటే తెగకు మొసాది సెబోకో అధిపతి కావడం, తరువాత అధిపతుల సభకు అధ్యక్షత వహించడం ఆ కట్టుబాటు సడలిందనడానికి గట్టి నిదర్శనం.

ఆ అధిపతుల సభ పేరు న్త్లో యా డికొసి. తెగల ఆచారాలకు, భూములకు సంబంధించిన బిల్లులను దానికి పంపాలి, కానీ దాని అభిప్రాయం సలహా మాత్రమే. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే ప్రభుత్వం భూమి పంచే అధికారాన్ని అధిపతుల నుంచి తీసి, భూ కేటాయింపులు చూసే ప్రత్యేక బోర్డులకు అప్పగించింది. 1967లో ఒరాపాలో వజ్రాలు దొరికిన ఏడాదే చేసిన చట్టం ద్వారా ఖనిజాల హక్కులు జాతీయ ప్రభుత్వానికి చేరాయి. ఒరాపా ఉన్నది బంగ్వాటో తెగ ప్రాంతంలో, ఆ తెగ అధిపత్యానికి వారసుడిగా పుట్టింది సెరెత్సే ఖామాయే. సొంత తెగకు దక్కవలసిన సంపదను దేశం మొత్తానికి చెందేలా చేసిన ఆ నిర్ణయం లేకపోతే, ఆ తరువాతి స్థిరత్వం సాధ్యమయ్యేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రభుత్వాన్ని నిజంగా నిలువరించిన సంస్థ న్యాయస్థానమే. విదేశీయుణ్ణి పెళ్లాడిన బోట్స్వానా స్త్రీ పిల్లలకు పౌరసత్వం దక్కనివ్వని చట్టాన్ని న్యాయవాది యూనిటీ డౌ సవాలు చేయగా, 1992లో అప్పీలు కోర్టు కూడా ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. ఆమే తరువాత హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. కలహారి అభయారణ్యం నుంచి అక్కడి ఆదిమవాసులైన సాన్ ప్రజలను తరలించడం చట్టవిరుద్ధమని 2006లో హైకోర్టు చెప్పింది.

[తెరపై: 2014, 2024 ఫలితాల పట్టిక.]

ఇప్పుడు ఓట్ల లెక్కకు వద్దాం. నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతి కాబట్టి, ప్రతిపక్షాలు చీలి ఉన్నంతకాలం పాలక పార్టీకి అది కలిసొచ్చింది. 2014లో 46.5 శాతం ఓట్లతోనే ఆ పార్టీ 57 స్థానాల్లో 37 గెలిచింది. 2024 అక్టోబరు 30న అదే పద్ధతి ఎదురు తిరిగింది. వజ్రాల గిరాకీ పడిపోయి ఖజానా ఖాళీ అవుతుండటం, నిరుద్యోగం, ఇయాన్ ఖామా తన తండ్రి స్థాపించిన పార్టీనే వదిలి దానికి వ్యతిరేకంగా ప్రచారం చేయడం, ఇవన్నీ కలిసివచ్చాయి. న్యాయవాది డుమా బొకో నాయకత్వంలోని అంబ్రెల్లా ఫర్ డెమొక్రాటిక్ చేంజ్ కూటమికి సుమారు 37 శాతం ఓట్లతో 36 స్థానాలు వచ్చాయి. పాలక పార్టీకి 30 శాతం ఓట్లు వచ్చినా దక్కినవి నాలుగే స్థానాలు. అంత ఓటు బలం ఉన్న పార్టీకి సభలో అంత చిన్న చోటు దక్కడం న్యాయమా అన్న ప్రశ్న, గతంలో ఆ పార్టీ ఇదే పద్ధతితో లాభపడిందన్న కారణంగా కొట్టిపారేయదగినది కాదు.

లెక్కింపు పూర్తిగా ముగియక ముందే మసీసి ఓటమిని అంగీకరించారు, నవంబరు 1న బొకో ప్రమాణ స్వీకారం చేశారు. స్వాతంత్ర్యం తరువాత అధికారం పార్టీ మారడం అదే మొదటిసారి. 15 స్థానాలు గెలిచిన బోట్స్వానా కాంగ్రెస్ పార్టీ నాయకుడు డుమెలాంగ్ సలెషాండో ప్రతిపక్ష నేత అయ్యారు. తదుపరి సాధారణ ఎన్నికలు 2029లో జరగాలి.