పిల్లి నీళ్ల గిన్నె వదలడం లేదా?

శ్రోతలకు నమస్కారం.

"డాక్టర్ గారూ, మా పిల్లి ఈమధ్య బాత్రూమ్ బకెట్ దగ్గరే కాపురం పెట్టిందండీ" అని ఎవరైనా అంటే నేను ముందు దాని వయసు అడుగుతాను. పిల్లుల పూర్వీకులు ఎడారి పక్కన బతికిన అడవి పిల్లులు. పట్టిన ఎలుక ఒంట్లో ఉన్న నీటితోనే చాలావరకు సరిపెట్టుకునేవి. మన పిల్లుల కిడ్నీలకూ ఆ పొదుపు ఉంది. చేపల అన్నం మాన్పించి పొడి గుళికలు మొదలుపెడితే దాహం కాస్త పెరుగుతుంది, అది మామూలే. తిండి మారలేదు, ఎండలూ లేవు, అయినా తాగుతోందంటే ఆలోచించాలి.

ఓ పని చేయండి. పొద్దున కొలిచి నీళ్లు పోసి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలవండి. నాలుగు కిలోల పిల్లి మామూలుగా 200 మిల్లీలీటర్లు కూడా తాగదు. 400 దాటితే జబ్బు ఉన్నట్టే. ఇసుక ట్రే కూడా చూడండి. మూత్రానికి తడిసి ఇసుక కట్టే ఉండలు నిమ్మకాయంత ఉండేవి బత్తాయంత అయ్యాయా?

పదేళ్లు దాటినవాటిలో మొదటి అనుమానం కిడ్నీల మీదే. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గి నీరంతా బయటికి పోతుంది, దాన్ని పూడ్చుకోవడానికి పిల్లి తాగుతుంది. ఇల్లంతా తడుపుతోందని గిన్నె దాచేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఒంట్లో నీరు ఇంకిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

బొద్దుగా ఉన్న పిల్లయితే షుగర్ కావచ్చు. ఇక్కడో చిక్కుంది. ఆసుపత్రికి వచ్చిన టెన్షన్‌కే పిల్లి రక్తంలో షుగర్ పెరుగుతుంది. అందుకే ఒక్క రక్తపరీక్షతో తేల్చేయం, మూత్రం కూడా చూస్తాం. త్వరగా ఇన్సులిన్ మొదలుపెడితే, కొన్నాళ్లకు దాని అవసరమే లేకుండా పోయే పిల్లులూ ఉన్నాయి.

ముసలి పిల్లి ఆబగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. స్టెరాయిడ్ మందులు వాడినా దాహం పెరుగుతుంది. ఆపరేషన్ చేయించని ఆడపిల్లి ఎదకొచ్చిన కొన్ని వారాలకు తెగ నీళ్లు తాగుతూ తిండి మానేస్తే మాత్రం ఆ రోజే తీసుకురండి. గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు.

వచ్చేటప్పుడు నీళ్ల లెక్క రాసిన కాగితం, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. ట్రేలో ఉండల ఫొటో తీసి చూపించినా మేమేం నవ్వం.