పదేళ్లు ఉంచుకునే ఆటోమేటిక్ కారు కావాలా? ముందు గేర్‌బాక్స్ చూడండి

నమస్కారం అండీ. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ కారులో వెళ్లేవాళ్లని కదిపి చూడండి, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పీకేస్తోందంటారు. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరా అదే మాట. అందుకే ఈసారి ఆటోమేటిక్ తీసుకుందామని చాలామంది చూస్తున్నారు. అయితే మూడు నాలుగేళ్లకు అమ్మేసే కారు వేరు. పాప ఒకటో తరగతిలో ఉండగా కొని, ఇంటర్‌కి వచ్చేదాకా నడుపుకునే కారు వేరు. ఈ వీడియో రెండో రకం వాళ్లకి. బడ్జెట్ ఎక్స్-షోరూమ్ పది లక్షల చుట్టుపక్కల అనుకుందాం.

ఇలాంటి కారుకి మోడల్ పేరుతో మొదలుపెట్టకండి, గేర్‌బాక్స్‌తో మొదలుపెట్టండి. టర్బో (ఇంజిన్‌కి అదనపు బలం ఇచ్చే పరికరం) లేని చిన్న పెట్రోల్ ఇంజిన్లు, ఆయిల్ వేళకు మారిస్తే, ఏళ్ల తరబడి పెద్దగా ఇబ్బంది పెట్టవు. వారంటీ దాటాక చేతి చమురు వదిలించేది ఎక్కువగా గేర్‌బాక్సే.

షోరూమ్‌లో అన్నింటినీ కలిపి 'ఆటోమేటిక్' అనే చెప్తారు. మీరు గేర్ లివర్ చూడండి. ఇదిగో, ఇక్కడ పైన P, అంటే పార్కింగ్, ఉందా? లేకుండా R, N, D మాత్రమే ఉంటే అది దాదాపుగా ఏఎంటీ. P ఉంటే సీవీటీ, టార్క్ కన్వర్టర్, డీసీటీలలో ఏదో ఒకటి. ఆ మూడింటిలో ఏదన్నది సేల్స్ వాళ్లని అడిగి, బ్రోషర్‌లో కూడా చూసుకోండి. ఒక్కొక్కటి ఏంటో ఇప్పుడు చెప్తాను.

ఏఎంటీ అంటే లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ ప్లేటూ ఉంటుంది. మీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పని యాక్చువేటర్లు అనే చిన్న యంత్రాలు చేస్తాయి, అంతే. 2014లో మారుతీ సెలేరియోతో మన దగ్గర మొదలైంది. ఇప్పుడు వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, డిజైర్, టియాగో, పంచ్, ఎక్స్‌టర్, ఇలా చాలా కార్లలో దొరుకుతుంది. మాన్యువల్ కంటే సుమారు అర లక్ష ఎక్కువ పెడితే చాలు. మైలేజీ మాన్యువల్‌కి దగ్గరగా ఉంటుంది. కానీ గేరు మారేటప్పుడు తల కొంచెం ముందుకు ఊగుతుంది. ఎత్తు మీద కారుని బ్రేక్‌తో కాకుండా యాక్సిలరేటర్‌తో ఆపి ఉంచితే క్లచ్ అరిగిపోతుంది. మరో సంగతి, P లేదు కాబట్టి పార్క్ చేసేటప్పుడు గేరులోనే ఉంచి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి ఇంజిన్ ఆపాలి.

సీవీటీలో గేర్లు విడివిడిగా ఉండవు. రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్ట్ నడుస్తుంది. ట్రాఫిక్‌లో చాలా మెత్తగా వెళ్తుంది. ఒక్కసారిగా తొక్కితే మాత్రం ముందు ఇంజిన్ అరుస్తుంది, వేగం కాస్త తర్వాత వస్తుంది. హోండా అమేజ్‌లో, హ్యుందాయ్ ఐ20 1.2లో దొరికేది ఇదే, ఐ20లో దాన్ని ఐవీటీ అంటారు. రోజూ సిటీలో నడిపి, నెలకోసారి ఊరికి వెళ్లొచ్చే కుటుంబానికి నా ఓటు దీనికే. ఒకటే షరతు: సీవీటీ ఆయిల్ కారుతో ఇచ్చే ఓనర్స్ మాన్యువల్ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు, కంపెనీ చెప్పిన ఆయిల్‌తోనే మార్చాలి. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి, కారుని పైకెక్కించుకుని తీసుకెళ్లే బండినే పిలవండి.

టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ ప్లేటుకి బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ బలాన్ని గేర్లకు అందించేది, పాత పద్ధతి, నమ్మకమైన పద్ధతి. ఫ్రాంక్స్ టర్బోలో, బ్రెజాలో, స్కోడా కైలాక్‌లో ఉంది. ధర మాత్రం లక్షకు పైగా పెరుగుతుంది. ఇక రెండు క్లచ్‌లు ఉండే డీసీటీ నడపడానికి హుషారుగా ఉంటుంది, కాదనను. కానీ డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండని క్లచ్) ఉన్నది గంటల తరబడి జామ్‌లో పాకితే వేడెక్కుతుంది, రిపేరుకొస్తే బిల్లు భారీగా ఉంటుంది. పదేళ్లు ఉంచుకునేవాళ్లకి నేను చెప్పను.

ఇప్పుడు టెస్ట్ డ్రైవ్. షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కొట్టిస్తే దాంతో సరిపెట్టుకోకండి. కారుని మీ అపార్ట్‌మెంట్‌కే తెప్పించండి. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని, ఏసీ వేసి, సెల్లార్ ర్యాంప్ మధ్యలో ఆపండి. బ్రేక్ మీంచి కాలు తీయండి. హిల్ హోల్డ్ ఉంటే రెండు సెకన్లు కారు కదలకుండా నిలబడుతుంది. ఆ లోపు యాక్సిలరేటర్ మెల్లగా నొక్కితే వెనక్కి జారకుండా ఎక్కాలి. తర్వాత అదే ర్యాంప్ రివర్స్‌లో ఎక్కించండి, చాలామంది ఇది చూడరు. ఏఎంటీ అయితే ఇక్కడే దాని అసలు గుణం బయటపడుతుంది. కుదుపు ఎంత, క్లచ్ కాలిన వాసన వస్తోందా, ఇంట్లో పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉందా, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఆ తర్వాత సాయంత్రం ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లండి. బ్రేక్ వదిలితే కారు తనంతట తాను నిదానంగా పాకుతోందా, ఆగి ఆగి ఎగురుతోందా చూడండి. తిరుమల, శ్రీశైలం ఘాట్‌లకు తరచూ వెళ్లేవాళ్లయితే ఆ ర్యాంప్ పరీక్ష అస్సలు వదలొద్దు.

ధర గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. ఈ రెండింటిలో ఒక్కటి దాటినా 40 శాతం. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే, కానీ 1462 సీసీ ఇంజిన్ కాబట్టి పెద్ద పన్నే పడుతుంది. తెలంగాణలో పది లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది. అందుకే సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కి ఎగబాకకుండా, మంచి గేర్‌బాక్స్, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్న మధ్య వేరియంట్ దగ్గర ఆగడం మంచిది. ఆన్-రోడ్ కొటేషన్‌లో హ్యాండ్లింగ్ ఛార్జీలు, యాక్సెసరీల కిట్ కనబడితే తీసేయమనండి. ఇన్సూరెన్స్ బయట కూడా అడిగి, పోల్చి తీసుకోండి.

చివరగా ఎక్స్‌టెండెడ్ వారంటీ. సీవీటీ, టార్క్ కన్వర్టర్ కార్లకి తప్పకుండా తీసుకోండి. గేర్‌బాక్స్ కవర్ అవుతుందో లేదో కాగితం మీద చదివాకే సంతకం పెట్టండి. ఏఎంటీ క్లచ్ ప్లేట్ మాత్రం అరిగే వస్తువు కిందకి వస్తుంది కాబట్టి మామూలుగా వారంటీలో రాదు, దాని ఖర్చు మీ సర్వీస్ సెంటర్‌లో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.