పసుపు పోయేదాకా ఎండలో

అందరికీ నమస్కారం.

ఎమ్మెస్సీ పిల్లలు ఏటా నన్నడిగే మాట ఒకటుంది: "సార్, సింథసిస్ అంటే, చిన్న అణువుల నుంచి పెద్ద అణువుల్ని కట్టడమంటే, రియాక్షన్లు బట్టీ పట్టడమేనా?" ఈ రోజు కెమిస్ట్రీ ప్రొఫెసర్ గోవర్ధన్ మెహతా గారి గురించి మాట్లాడటానికి ఒప్పుకున్నది ఆ మాట కోసమే.

ఆయన 1943లో జోధ్‌పూర్‌లో పుట్టారు. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో సుఖ్‌దేవ్ గారి దగ్గర పీహెచ్‌డీ చేశారు. అమెరికాలో కొన్నాళ్లుండి వచ్చి ఐఐటీ కాన్పూర్‌లో చేరారు. 1977లో మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చారు. ఆబిడ్స్‌లో, సరోజినీ నాయుడు గారి ఇంట్లో మొదలైన ఆ యూనివర్సిటీకి అప్పటికి నిండా మూడేళ్లు. కుదురుకున్న చోటు వదిలి, కెమిస్ట్రీ విభాగాన్ని పునాది నుంచి లేపడానికి రావడం చిన్న విషయం కాదు. మరుసటేడే, మన దేశంలో సైన్సుకిచ్చే పెద్ద బహుమతి, భట్నాగర్ ప్రైజ్ వచ్చింది. తర్వాత ఇక్కడే వైస్ ఛాన్సలర్, ఆపైన బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టర్ అయ్యారు. పదవుల మాట ఇంతటితో చాలు. నేను చెప్పాలనుకున్నది ఒక ఫ్లాస్కు గురించి.

హిర్సుటీన్ అని శిలీంధ్రంలో దొరికే పదార్థం ఉంది. ఐదేసి కార్బన్ల వలయాలు మూడు, వరసగా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ఒక్కో వలయమే కట్టుకుంటూ పోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. మెహతా గారి బృందం వేరే దారి పట్టింది. సైక్లోపెంటాడైయీన్, బెంజోక్వినోన్ అనే రెండు రసాయనాలు చల్లగా కలిపితే పసుపు స్ఫటికాలు వస్తాయి. ఆ అణువు సగం మూసిన పుస్తకంలా ఉంటుంది, రెండు డబుల్ బాండ్లు (కార్బన్ల మధ్య జంట బంధాలు) ఎదురెదురుగా. వెలుతురు పడగానే ఆ రెండూ కలుసుకుని నాలుగు కార్బన్ల వలయం ఏర్పడి, అణువు పంజరం అవుతుంది. దీనికి ఖరీదైన దీపమే అక్కర్లేదు, ఎండ సరిపోతుంది. ఆ పంజరాన్ని వాక్యూమ్‌లో, బాగా వేడెక్కిన గొట్టం గుండా పంపిస్తే అందులోని ఆ నాలుగు కార్బన్ల వలయం రెండో వైపు నుంచి తెగుతుంది. మూడు ఐదు కార్బన్ల వలయాలు, కావలసిన వంపుతో సహా, ఒక్కసారే బయటపడతాయి.

శ్లాబు పోసేటప్పుడు సెంట్రింగ్ కొడతాం, గట్టిపడ్డాక ఊడదీస్తాం. ఇక్కడ ఆ నాలుగు కార్బన్ల వలయం చేసిన పనీ అదే. తగిన చోట్ల మిథైల్ గ్రూపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) తగిలించుకుని, ఇదే దారిలో హిర్సుటీన్, అలాంటి మూడు వలయాలే ఉన్న కోరియోలిన్, క్యాప్నెలీన్, మూడింటినీ చేసి 1986లో ప్రచురించారు. ఇది బట్టీ పడితే తట్టే ఆలోచన కాదు బాబూ. అణువుని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసినవాడికి తట్టేది.

నా చదువు రోజుల్లో ఏప్రిల్ ఎండలో మేడ మీద ఆ పసుపు స్ఫటికాల ద్రావణం ఉన్న ఫ్లాస్కు పెట్టి పక్కనే కూర్చున్నాను. పసుపు పలచబడుతూ పలచబడుతూ నీళ్లలా తేటపడింది. లోపల పంజరం తయారైందని కంటికే తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

రేపు పదింటికి మన మేడ మీద అదే పెడుతున్నాం. గ్లౌజులు, కళ్లద్దాలు, నోట్‌బుక్కు తెచ్చుకోండి. పసుపు ఎన్నింటికి పోయిందో ఎవరికి వాళ్లు రాసుకోవాలి.