బీటా హెచ్‌సీజీ రిపోర్టు ఎట్టా చదవాలి? 48 గంటల లెక్క ఫోన్ కాలిక్యులేటర్‌లో

నమస్తే అండీ. ఇవాళ బీటా హెచ్‌సీజీ రిపోర్టు చదవడం. బీటా హెచ్‌సీజీ అంటే గర్భం వచ్చినాక రక్తంలో పెరిగే హార్మోను. నెల తప్పింది, కిట్ మీద రెండు గీతలు పడ్డాయి, డాక్టరమ్మ చీటీ మీద రక్తపరీక్ష రాసిచ్చింది, సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. దాంట్లో ఒక అంకె ఉంది. ఇంక ఇంట్లో మొదలవుద్ది, "మా వదినకి అంత వచ్చింది, నాకు ఇంతే ఏంది" అని. పోల్చబాకండి. ఎందుకు పోల్చకూడదో ఆ రిపోర్టులోనే ఉంది, చూపిస్తా.

దానికంటే ముందు ఒక మాట. పొత్తికడుపులో ఒక పక్కన గట్టిగా నొప్పి, కళ్లు తిరిగి పడిపోతామేమో అన్నట్టు ఉండటం, భుజం చివర నొప్పి, దాంతోపాటు బ్లీడింగ్. వీటిల్లో ఏది ఉన్నా ఈ వీడియో ఆపేయండి. అంకెలు తర్వాత చూసుకోవచ్చు. గర్భం గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే ట్యూబులో నిలబడి ఉంటే అది పగిలి లోపల రక్తం పోతా ఉంటుంది, బయటికి చుక్క కూడా కనపడకపోవచ్చు. 108కి ఫోన్ చెయ్యండి. నెల్లూరు పొగతోటో, ఒంగోలో, మీకు ఏది దగ్గరైతే అది. స్కానూ ఆపరేషన్ థియేటరూ రెండూ ఉన్న చోటికి పోండి. రేపు రెండో రిపోర్టు వచ్చినాక పోదాంలే అనుకోబాకండి.

సరే, మొదలుపెడదాం.

[స్క్రీన్ మీద: కిట్]

కిట్ సంగతి మీకు తెలిసిందే. పొద్దున మొదటి మూత్రం, మూడు చుక్కలు, 5 నిమిషాల్లో చూడాలి. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనపడే సన్న గీతని లెక్కలోకి తీసుకోబాకండి, అది తడి ఆరినప్పుడు పడే గీత కావచ్చు. ఆశా అక్క దగ్గర ఉచితంగా ఇచ్చే కిట్టైనా ఇంతే, మందుల షాపులో కొన్నదైనా ఇంతే. మామూలుగా ఈ కిట్లు 25 దగ్గర్నుంచి పట్టుకుంటాయి. దేంట్లో 25 అంటే, ఇదిగో, రిపోర్టులో అంకె పక్కన ఉంది చూడండి, ఎంఐయూ పర్ ఎంఎల్. కొన్ని ల్యాబుల్లో ఐయూ పర్ లీటర్ అని ఉంటుంది, రెండూ ఒకటే, మార్చుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు ల్యాబు. కౌంటర్ దగ్గర "ప్రెగ్నెన్సీ టెస్ట్" అని మాత్రం అడగబాకండి. అట్టా అడిగితే చిన్న ల్యాబుల్లో కార్డు టెస్టు చేసి పాజిటివ్ అని రాసిస్తారు. అది మీకు ఇంట్లోనే తెలుసు. మనకి కావాల్సింది అంకె. "బీటా హెచ్‌సీజీ క్వాంటిటేటివ్" అని అడగండి, బిల్లు మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి. పరగడుపున పోవాల్సిన పని లేదు, ఇడ్లీ తినే పోండి. థైరాయిడ్ కూడా రాసి ఉంటే అదే సూదికి అయిపోద్ది, రెండోసారి పొడిపించుకోవాల్సిన పని లేదు.

జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు అని ఉంటాయి. సూదికి ముందే ల్యాబులో చెప్పండి. కొన్ని మిషన్లలో పరీక్ష జరిగే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. మీ రక్తంలో అది ఎక్కువుంటే హెచ్‌సీజీ అసలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గర్భాన్ని నిలబెట్టే ఇంకో హార్మోను ప్రొజెస్టిరోన్, దాన్నేమో ఎక్కువ చూపిస్తుంది. డాక్టర్ని అడిగి రెండు రోజుల ముందు ఆపేస్తే ఈ గొడవ ఉండదు. ఇంకొకటి, పిల్లల కోసం ట్రీట్‌మెంట్‌లో అండం విడుదలకి హెచ్‌సీజీ ఇంజెక్షన్, 5,000 యూనిట్లో 10,000 యూనిట్లో, చేయించుకున్న వాళ్లు 14 రోజుల లోపు పరీక్ష చేయించుకుంటే ఆ ఇంజెక్షనే రిపోర్టులో కనపడొచ్చు. అది గర్భం అనుకోబాకండి.

[స్క్రీన్ మీద: రిపోర్టు, కింద పట్టిక]

ఇదీ రిపోర్టు. 5 లోపు ఉంటే గర్భం లేదని. 25 దాటితే ఉందని. మధ్యలో ఉంటే ఇప్పుడే చెప్పలేం, మళ్లీ చెయ్యాలి. ఇక్కడిదాకా తేలిక.

కింద పట్టిక చూడండి. 4 వారాలు: 5 నుంచి 426. 5 వారాలు: 18 నుంచి 7,340. 6 వారాలు: 1,080 నుంచి 56,500. ఐదో వారంలో ఒకామెకి 200 ఉన్నా మామూలే, ఇంకొకామెకి 6,000 ఉన్నా మామూలే. అందుకే వదినతో పోల్చబాకండి అన్నది. ఎక్కువ వచ్చింది కాబట్టి కవలలు అనుకోబాకండి, కవలలా కాదా అనేది స్కానే చెప్పాలి.

ఈ పట్టికలో ఇంకొకటి ఉంది. వారాలు ఎక్కడ్నుంచి లెక్కేశారో పైన సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొన్ని ల్యాబులు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తాయి, అంటే ఎల్‌ఎంపీ. కొన్ని అండం ఫలదీకరణ అయిన రోజు నుంచి. రెండిటికీ రెండు వారాల తేడా. డాక్టరు 6 వారాలు అన్నదని ఫలదీకరణ పట్టికలో 6 దగ్గర చూస్తే, మీ అంకె చాలా తక్కువ అనిపిస్తుంది. అది మీ గడి కాదు. దాంట్లో మీరు చూడాల్సింది 4 దగ్గర.

ఇంక అసలు విషయం. ఒక్క రిపోర్టుతో గర్భం బాగుందా లేదా అన్నది దాదాపు తేలదు. రెండు కావాలి. రెండూ ఒకే ల్యాబులో కావాలి, ఎందుకంటే కంపెనీని బట్టి మిషన్ల కొలతలో తేడా వస్తుంది. కావలిలో ఒకటి, నెల్లూరులో ఒకటి చేయించి పోల్చితే పెరిగింది బిడ్డదో మిషన్‌దో తెలియదు.

పెద్దవాళ్లు చెప్పే లెక్క, రెండు రోజులకి రెట్టింపు అవ్వాలని. పూర్తిగా నిజం కాదు. మొదట్లో 48 నుంచి 72 గంటల్లో రెట్టింపు అవుద్ది. 6,000 దాటాక నాలుగు రోజుల పైన కూడా పట్టుద్ది. 8 నుంచి 11 వారాల మధ్య పైకి చేరి అక్కడ్నుంచి దిగుతుంది, ఆ దిగడం మామూలే. ఇప్పుడు డాక్టర్లు చూసేది 48 గంటల్లో కనీసం ఎంత పెరగాలి అని. మొదటి అంకె 1,500 లోపు ఉంటే కనీసం 49 శాతం. 1,500 నుంచి 3,000 అయితే 40 శాతం. 3,000 పైన 33 శాతం. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇక్కడే దాదాపు అందరూ తప్పేది. 48 గంటలు. నిదానంగా చూడండి, ఇక్కడ తొందరపడను.

రిపోర్టు పైన మూడు టైములు ఉంటాయి. ఒకటి శాంపిల్ తీసిన టైము. రెండోది ల్యాబుకి చేరిన టైము. మూడోది రిపోర్టు ఇచ్చిన టైము. మనకి కావాల్సింది మొదటిది ఒక్కటే, సూది గుచ్చిన టైము. కందుకూరులోనో పొదిలిలోనో కలెక్షన్ సెంటర్‌లో రక్తం ఇస్తే ట్యూబు పెట్టెలో పడి సాయంత్రం బండికి పెద్ద ల్యాబుకి పోద్ది, రిపోర్టు రాత్రికో మర్నాటికో వస్తుంది. జనం రిపోర్టు టైములు పట్టుకుని లెక్కేస్తారు. కొన్నిసార్లు "కలెక్టెడ్" దగ్గర కూడా కంప్యూటర్‌లో పేరు ఎక్కించిన టైమే పడుద్ది. నేను చెప్పే షార్ట్‌కట్ ఏందంటే, సూది తీసినాక ట్యూబు మీద లేబులుతో సహా ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. టైము ఫోటోలోనే ఉంటుంది. ఏ యాపూ అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. మొదటి శాంపిల్ సోమవారం సాయంత్రం 6 గంటలకి, 420. రెండోది బుధవారం పొద్దున 8కి, 588. ఇంట్లో ఏం చేస్తారు? సోమవారం, బుధవారం, రెండు రోజులు. 168 పెరిగింది, 40 శాతం. అయ్యో, 49 రాలేదే అని ఏడుపు. ఆగండి. సోమవారం సాయంత్రం 6 నుంచి మంగళవారం సాయంత్రం 6కి 24. అక్కడ్నుంచి బుధవారం పొద్దున 8కి 14. మొత్తం 38 గంటలు. 48 కాదు.

[స్క్రీన్ మీద: ఫోన్ కాలిక్యులేటర్]

ఫోన్ అడ్డంగా తిప్పండి, సైంటిఫిక్ కాలిక్యులేటర్ వస్తుంది. రాకపోతే స్క్రీన్ తిప్పే ఆప్షన్ ఆన్ చెయ్యండి. 588 భాగించు 420. 1.4 వచ్చింది. ఇప్పుడు ఎక్స్ మీద చిన్న వై ఉన్న బటన్, ఇదిగో ఇది. దాని తర్వాత బ్రాకెట్ తెరిచి, 48 భాగించు 38, బ్రాకెట్ మూసి, ఈక్వల్. 1.53. అంటే 48 గంటలకి 53 శాతం. 49 దాటింది.

బ్రాకెట్ మర్చిపోబాకండి. బ్రాకెట్ లేకుండా కొడితే 1.4 ని 48 సార్లు హెచ్చించి తర్వాత 38తో భాగిస్తుంది, రెండు లక్షల డెబ్బై వేల పైచిలుకు అంకె వస్తుంది. అట్టాంటిది కనపడితే బ్రాకెట్ పడలేదని గుర్తు. క్లియర్ చేసి మళ్లీ కొట్టండి.

ఇదే లెక్క అటువైపు కూడా మోసం చేస్తుంది. సోమవారం పొద్దున 9కి 420, బుధవారం సాయంత్రం 6కి 651. చూడ్డానికి 55 శాతం, బాగుందనిపిస్తుంది. కానీ అవి 57 గంటలు. 1.55, ఎక్స్ వై బటన్, బ్రాకెట్, 48 భాగించు 57. 1.45. అసలు పెరిగింది 45 శాతం, 49 లోపు. దీన్ని బాగుందని ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదు. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. లెక్క ఇష్టం లేకపోతే సరిగ్గా 48 గంటలకే రక్తం ఇవ్వండి. సోమవారం 9కి ఇస్తే బుధవారం 9కి. నాకైతే అదే ఇష్టం.

49 కంటే తక్కువైతే గర్భం పోయినట్టేనా? కాదు. అనుమానించి వెంటనే చూడాలని అర్థం. గర్భం నిలబడట్లేదా, లేకపోతే ట్యూబులో ఉందా అని. అట్టానే బాగా పెరిగితే ట్యూబులో లేనట్టేనా? అదీ కాదు. కొన్ని ట్యూబు గర్భాల్లోనూ అంకె మామూలుగానే పెరుగుద్ది. ఎక్కడ ఉందో చెప్పేది స్కానే.

ఇంకో రిపోర్టు చూడండి. 10,000 కంటే ఎక్కువ, పక్కన బాణం గుర్తు. రెండోసారి కూడా అదే, 10,000 కంటే ఎక్కువ. ఏం పెరగలేదని భయపడతారు. ఆ మిషన్ అంతవరకే కొలుస్తుంది, అంతే. "డైల్యూషన్ చేసి అంకె ఇవ్వండి" అని ల్యాబులో అడగండి. రక్తంలోని సీరంని పలచన చేసి కొలిచి, మళ్లీ హెచ్చించి ఇస్తారు. అంకె ఇంతకు చేరిందంటే, స్కాన్ అయ్యిందా అని కూడా డాక్టర్‌ని అడగండి.

స్కాన్. లోపలి నుంచి చేసే స్కాన్‌లో, టీవీఎస్ అంటారు, నెలసరి నుంచి 5 వారాలకి దగ్గర్లో బిడ్డ పెరిగే చిన్న సంచి కనపడుద్ది. 5 వారాల 3, 4 రోజులకి యోక్ శాక్, అంటే బిడ్డకి మొదట్లో ఆహారం అందించే చిన్న తిత్తి, 6 వారాల దగ్గర గుండె చప్పుడు. నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్లకి అండమూ ఆలస్యంగానే విడుదలవుద్ది కాబట్టి ఇవన్నీ వెనక్కి జరుగుతాయి. హెచ్‌సీజీ 3,500 దాటినా గర్భసంచిలో ఏం కనపడకపోతే డాక్టరు జాగ్రత్త పడతారు, కొందరు ఇంకా ముందే, 2,000 దగ్గరే. ఈ స్కాన్‌కి మూత్రం పోసేసి పోవాలి. పొట్ట మీద నుంచి చేసేదానికి మాత్రం నీళ్లు తాగి ఆపుకుని పోవాలి. గుండె చప్పుడు కనపడినాక మళ్లీ మళ్లీ హెచ్‌సీజీ చేయించబాకండి, ఆ డబ్బు దండగ.

ప్రొజెస్టిరోన్. నానోగ్రామ్ పర్ ఎంఎల్ లెక్కలో 20 పైన ఉంటే ధైర్యం. 5 లోపు ఉంటే గర్భం నిలవడం కష్టం. మధ్యలో ఉంటే ఆ అంకె ఒక్కటీ ఏం చెప్పదు, రోజులోనే పైకీ కిందికీ పోతా ఉంటుంది. గర్భం నిలవడానికి రాసే డైడ్రోజెస్టిరోన్ మాత్రలు వేసుకుంటున్నా ఈ పరీక్షలో అంకె పెరగదు, ఎందుకంటే ఆ మందుని ఈ పరీక్ష కొలవదు. "మాత్రలు వేసుకున్నా పెరగలేదు, పని చెయ్యట్లేదు" అని ఆపేయబాకండి. పొట్టలో పని చెయ్యడం వేరు, రిపోర్టులో కనపడటం వేరు.

బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే, ఎరుపు కనపడిన రోజే చెప్పండి. తల్లి రక్తం బిడ్డ రక్తానికి ఎదురు తిరగకుండా ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ కావాలో వద్దో 72 గంటల లోపే తేలాలి. గర్భం పోయిందని తేలినా పరీక్షలు మధ్యలో ఆపబాకండి. డాక్టరు చెప్పిన ప్రకారం వారం వారం చేయించుకోండి, అంకె 5 లోపుకి వచ్చేదాకా. దిగుతా దిగుతా ఆగిపోయినా, మళ్లీ పెరిగినా లోపల ఏదో మిగిలిందని, లేదా ట్యూబులో ఉందని.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని పోండి: చివరి నెలసరి మొదటి రోజు తేదీ. రెండు అంకెలు, ఒక్కోదాని పక్కన సూది గుచ్చిన తేదీ, టైము. ల్యాబు పేరు. వేసుకుంటున్న మాత్రల పేర్లు, బయోటిన్ కూడా. బ్లడ్ గ్రూపు. కాగితం పైన పెట్టండి, రిపోర్టులు దాని కింద పిన్ను కొట్టండి. 53 శాతం లెక్క కూడా రాయండి, అయితే పక్కన 38 గంటలు అని రాయండి. గంటలు లేని శాతం చూస్తే డాక్టరు మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది.