గుహలో ఒక్క నీటి చుక్క చేసే పని

హాయ్ అండీ, ఈ వారం గుహల్లోకి వెళ్దాం. రెయిలింగ్, కరెంటు దీపాలు ఉండే టూరిస్టు గుహలు కాదు, ఏ ఏర్పాట్లూ లేనివి.

లైట్లు మనిషికి మూడు ఉండాలి. కనీసం రెండు హెల్మెట్‌కి బిగించేవే తీసుకోండి, పాకేచోట రెండు చేతులూ కావాలి కదా. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు. కాటన్ బట్టలు వద్దే వద్దు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ అనే గుహ లోపలి భాగంలో ఏడాదంతా 12 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా ఉంటుంది. ఆ చలిలో తడిసిన కాటన్ ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. నలుగురు కలిసి వెళ్తే మంచిది: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు బయటికెళ్లి సాయం తెస్తారు.

ఇప్పుడు పైకప్పు చూడండి. గాజు గొట్టాల్లా వేలాడుతున్నవి సోడా స్ట్రాలు. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారి, సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ గాలి తగలగానే, మూత తీసిన సోడాలోంచి పోయినట్టు, ఆ గ్యాస్ పోతుంది. ఇక కాల్సైట్‌ని, అంటే కరిగించుకొచ్చిన సున్నపురాయి ఖనిజాన్ని, పట్టి ఉంచే శక్తి నీటికి ఉండదు. చుక్క అంచున సన్నటి ఉంగరంలా అది పేరుకుంటుంది. ఉంగరం కింద ఉంగరం చేరి, సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం అవుతుంది. నీరు ఆరిపోయి రాయి మిగులుతుందని చాలామంది అనుకుంటారు. కానీ తేమ నిండుగా ఉండే ఇలాంటి చోట ఆరేది చాలా తక్కువ. గొట్టం పూడుకుపోతే నీరు బయటినుంచి జారుతుంది, అప్పుడే పైకప్పు నుంచి వేలాడే లావుపాటి రాతి కడ్డీ, అంటే స్టాలక్టైట్ తయారవుతుంది. నాకైతే వీటన్నిటికన్నా హెలిక్టైట్లే అద్భుతం! బరువుని లెక్కచేయకుండా పక్కకీ పైకీ వంకరలు తిరుగుతాయి. లోపలి సన్నటి రంధ్రంలో నీరు ఒత్తిలో నూనెలా పాకడమే కారణం.

పెరుగుదల సాధారణంగా ఏడాదికి మిల్లీమీటర్‌లో పదో వంతు. అంటే బెత్తెడు స్ట్రాకి దాదాపు వెయ్యేళ్లు. దయచేసి ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే అక్కడ కాల్సైట్ సరిగా పేరుకోదు. ఎక్కువగా విరగ్గొట్టేది వీపున బ్యాగే. ఇరుకు చోట దాన్ని తీసి, కాళ్ల దగ్గరే లాక్కుంటూ వెళ్లండి. ఫొటోకి ఎదురు ఫ్లాష్ కొట్టకుండా, లైట్‌ని పక్కనుంచి పెడితే చుక్క మెరుస్తుంది.

బయటికొచ్చాక బురద కడిగి, తయారీదారు సూచనలు అనుమతించే సామానుని 55 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ముంచండి. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదట కనిపించిన వైట్ నోస్ ఫంగస్ లక్షల గబ్బిలాల్ని చంపింది. మన బూట్లకి అంటుకుని ఇంకో గుహకి చేరగలదు.