యూసీలో కనబడని ఖర్చు

అందరికీ నమస్కారం. ఇక్కడ అంగన్‌వాడీ టీచర్లు, ఆశా అక్కలు, సంఘం లీడర్లే ఎక్కువమంది ఉన్నారు. ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు.

2012 డిసెంబరులో ఢిల్లీ ఘటన జరిగింది. 2013 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం గారు వెయ్యి కోట్లతో నిర్భయ నిధి ప్రకటించారు. 2015 ఏప్రిల్ 1న మొదలైన వన్‌స్టాప్ సెంటర్లు, అంటే హింసకు గురైన ఆడవాళ్లకు అన్ని సాయాలూ ఒకేచోట దొరికే మన సఖి కేంద్రాలు, ఆ డబ్బుతో పుట్టినవే. 181 మహిళా హెల్ప్‌లైన్, పోలీస్ స్టేషన్లలో మహిళా హెల్ప్‌డెస్కులు, హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో సేఫ్ సిటీ కెమెరాలు కూడా అందులోవే. 2022 నుంచి సఖి, 181 రెండూ మిషన్ శక్తి అనే కేంద్ర ప్రభుత్వ మహిళా పథకం కిందికి వచ్చాయి.

గ్రాంటు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చయిందని యూసీ, అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, పంపితేనే రెండోది కదులుతుంది. కెమెరా కొంటే బిల్లు ఉంటుంది, యూసీ రాయడం సులువు. మరి ఒకామె పక్కన రాత్రంతా కూర్చున్నందుకు ఏ బిల్లు పెడతాం?

నేను సఖిలో పనిచేసిన రోజుల్లో ఓ వానాకాలం రాత్రి పదకొండున్నరకు అంగన్‌వాడీ టీచరమ్మ స్కూటీ మీద ఒకామెను తెచ్చింది. ఒళ్లో రెండేళ్ల పిల్ల, కాళ్లకు చెప్పులు లేవు. కొంగు ముడిలో తడిసిపోయిన ఆధార్ జిరాక్స్. కేస్ వర్కర్ ఏమీ అడగలేదు. పిల్లకు పాలు కాచింది, తన చెప్పులు తీసి ఆమె ముందు పెట్టింది. ఆమె నోట వచ్చిన మొదటి మాట: "అక్కా, తలుపుకి లోపల గడియ ఉందా?" అప్పటికి ఆ కేస్ వర్కర్‌కి నాలుగు నెలలుగా జీతం లేదు. నిధులు ఎక్కడో ఆగాయన్నారు. ఎక్కడని అడిగితే ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో మాట.

అందుకే నా అభిప్రాయం ఒకటే. ఈ నిధిలో మొదటి రూపాయి మనుషుల జీతాలకు వెళ్లాలి. కెమెరాలు ఆ తర్వాత. ఆఫీసర్లకు ఈ మాట నచ్చదని తెలుసు, చాలా మీటింగుల్లో నచ్చలేదు కూడా.

ఇంకొకటి. సఖిలో బస ఐదు రోజులే అని రూల్. ఐదు రోజుల్లో పుట్టింటివాళ్లు ఫోనెత్తడమే గొప్ప! కాబట్టి మూడో రోజే, ఇంకా ఎక్కువ రోజులు ఉండనిచ్చే శక్తి సదన్ ఆశ్రయంలో చోటు అడిగి పెట్టుకోవాలి. దాన్నే ఇదివరకు స్వధార్ అనేవాళ్లం. వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, లాయర్ సలహా అన్నీ సఖిలోనే ఉచితం. కాగితాలు లేవని మీరు ఎవర్నీ ఇంటి దగ్గరే ఆపేయకండి, అవి తర్వాత చూసుకోవచ్చు.

గృహహింస చట్టం కింద నింపే డీఐఆర్ ఫారం, అంటే ఇంట్లో జరిగిన హింస గురించి రాసే రిపోర్టు, కాపీలు తెచ్చాను. అది మామూలుగా నింపేది ప్రొటెక్షన్ ఆఫీసరే అయినా, ఏమేం అడుగుతారో మీకు తెలిసుంటే మీ దగ్గరికొచ్చినామెకు టెన్షన్ తగ్గుతుంది. ఇద్దరికొకటి తీసుకోండి, మొదటి పేజీ నుంచి చదువుదాం.