దసరా సెలవుల్లో పిల్లల్ని ఎటు తీసుకుపోదాం? పాలమూరు స్టూడియోలో ముచ్చట

యాంకర్: నమస్తే. ఇవాళ మనతో ముగ్గురున్నారు. సోషల్ చెప్పే సార్, ఇరవై ఏళ్లుగా టూరిస్టు బండి నడుపుతున్న అన్న, ఇద్దరు పిల్లల తల్లి ఒక అక్క. అక్కా, మీతోనే మొదలుపెడదాం. పోయిన సెలవుల్లో ఎక్కడికి పోయిన్రు?

తల్లి: ఎక్కడికి, హైదరాబాదే. మాల్‌లో తిరిగి, పిజ్జా తిని, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం. మావోడు దారంతా పడుకున్నాడు, మర్నాడు ఏం చూశావురా అంటే ఎస్కలేటర్ అన్నాడు.

డ్రైవర్: నా బండి ఎక్కేటోళ్లలో సగం మంది కథ ఇదే. ఊరి పక్కనున్న పెద్ద మర్రిచెట్టు, మన పిల్లలమర్రి చూడనోళ్లు కూడా ఉన్నరు.

టీచర్: చూడకపోవడానికి ఒక కారణం ఉందిలెండి, చెట్టుకు చెదలు పట్టి, 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక లోపలికి రానివ్వడం ఆపేశారు. ఆ తర్వాత చేసిన వైద్యం మాత్రం పిల్లలకు కథలా చెప్పొచ్చు. సెలైన్ బాటిళ్లలో చెదల మందు నీళ్లలో కలిపి, మనిషికి ఎక్కించినట్టే కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిపోయే కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. నేను క్లాసులో చెప్తే ఒకడు లేచి "సార్, చెట్టుకు జ్వరం వచ్చిందా?" అన్నాడు.

యాంకర్: ఇంతకీ ఆ చెట్టుకు అసలు మాను ఏది సార్?

టీచర్: అదే కదా తమాషా! మూడెకరాల దాకా పరుచుకుంది, ఏడెనిమిది వందల ఏళ్ల వయసంటారు, ఊడలు దిగి దిగి ఒక్కొక్కటీ ఒక్కో మానైపోయింది. తల్లి మాను ఏదో చూపించమంటే ఎవరూ చూపించలేరు. పక్కనే మ్యూజియం ఉంది, శ్రీశైలం ముంపు నుంచి రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ కట్టిన గుడి ఉంది. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన అమ్మాయిలను తెచ్చి చూపించారు, మన వీధి పిల్లలను మాత్రం మనం తీసుకుపోం.

డ్రైవర్: ఒక మాట సార్, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకునేటోళ్లు జాగ్రత్త. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అని ఊరే ఉంది, అక్కడ కాకతీయుల గుళ్లున్నయి. ఒకాయన ఫ్యామిలీతో అక్కడికి పోయి "మర్రి ఏదన్నా?" అని నాకు ఫోన్ చేసిండు.

(నవ్వులు)

తల్లి: చెట్టు, గుడి అన్నీ బాగానే ఉన్నాయి సార్, నేను చెప్పేది వేరే. ఆ మధ్య ఒక పార్కుకు పోయాం. టికెట్ తీసుకున్నారు, లోపల బాత్రూంకు తాళం. చిన్నదాన్ని ఎత్తుకుని గేటు దాకా ఉరికా, అక్కడ అడిగితే "తాళంచెవి ఉన్నాయన భోజనానికి పోయిండు" అన్నారు. మగవాళ్లకు ఇది చిన్న సంగతి, ఆడవాళ్లు మాత్రం ఏ ఊరు చూడాలో బాత్రూం బట్టే తేల్చుకుంటారు, నేనైతే అంతే.

టీచర్: ఒప్పుకుంటానమ్మా. నేను స్కూల్ టూర్ వేసేటప్పుడు కూడా మొదట అడిగేది అదే.

డ్రైవర్: అందుకే నేను పొద్దున ఆరింటికే బయలుదేరమంటా, తొమ్మిదింటికి టిఫిన్‌కు మంచి హోటల్ దగ్గర ఆపుత, ఆ ఒక్క స్టాప్‌తోని సగం టెన్షన్ పోతది.

యాంకర్: సరే, ఒక్కరోజులో పోయి రాగలిగే చోట్లు చెప్పన్నా.

డ్రైవర్: జూరాల డ్యామ్. గేట్లు ఎత్తినప్పుడు పోతే నీళ్లు చూడొచ్చు, ఎత్తకపోయినా చేపల కోసమన్నా పోవచ్చు, కళ్ల ముందే వేయించి ఇస్తరు. ఆడవాళ్లుంటే గద్వాలలో చీరల దగ్గర ఆగాల్సిందే, ఆ గంట లెక్కలో వేసుకోండి.

తల్లి: గంటా? గంటలో అంచు రంగు కూడా తేలదు.

టీచర్: ఇంకా ముందుకు పోతే అలంపూర్. బాదామి చాళుక్యులు కట్టిన తొమ్మిది బ్రహ్మ గుళ్లు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి, వాటి పక్కనే జోగులాంబ అమ్మవారి గుడి. పిల్లలకు నేనొక ఆట పెడతా: తొమ్మిదింటిలో శిఖరం వేరుగా ఉన్నది ఏది, కనిపెట్టండి అని. ఎనిమిదింటి శిఖరాలు ఉత్తరాది పద్ధతివి, తారక బ్రహ్మది ఒక్కటే దక్షిణాది తీరు. గంటసేపు ఎండను కూడా మర్చిపోయి తిరుగుతారు.

యాంకర్: నల్లగొండ వైపు?

టీచర్: నాగార్జునసాగర్ అందరికీ తెలిసిందే. కొండ మీది మ్యూజియంకు లాంచీలో పోవాలి, శుక్రవారం సెలవు, చూసుకుని పోండి. 2022లో తెరిచిన బుద్ధవనం, బుద్ధుడి మీద కట్టిన పార్కు, కూడా అక్కడే. కానీ నా మనసంతా నల్లగొండ పక్కన పానగల్‌లో ఉన్న ఛాయా సోమేశ్వరం గుడి మీదే. గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పడుతుంది, పొద్దు తిరుగుతున్నా ఆ నీడ మాత్రం కదలదు. మొదటిసారి మావాడు గోడ మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, బయటికి ఉరికి స్తంభాలన్నీ లెక్కబెట్టి వచ్చాడు, ఇందులో ఏ స్తంభం నీడ ఇది అని.

తల్లి: ఏదట మరి?

టీచర్: ఏ ఒక్కదానిదీ కాదు. ఎండ నేరుగా లోపలికి రాదు. స్తంభాల మధ్య నుంచి చెదిరిన వెలుగు రెండు వైపులా పరుచుకుంటుంది, నడుమ వెలుగు తక్కువైన చోటే ఆ నీడ. పొద్దున్నే పోయి చూసి, బయట చెరువు దగ్గర అన్నం తిని, మధ్యాహ్నం మళ్లీ లోపలికి పోయి చూడండి, అప్పుడు పిల్లలకు పట్టుబడుతుంది.

డ్రైవర్: మల్లెల తీర్థం జలపాతం మర్చిపోయిన్రు సార్. నల్లమలలో, వానల తర్వాతైతే నీళ్లుంటయి. కానీ మూడు వందల పైచిలుకు మెట్లు. దిగేటప్పుడు పిల్లలు నడుస్తరు, ఎక్కేటప్పుడు నాన్న భుజం మీద ఉంటరు.

తల్లి: మా ఆయనకు నడుం నొప్పి. పానగలే పెట్టుకుంటాం. అన్నా, మీ బండికి ఎంత తీసుకుంటారు?

యాంకర్: అక్కా, బేరం బయట మాట్లాడుకోండి, కెమెరా నడుస్తోంది.

డ్రైవర్: టోల్ వేరే, డీజిల్ నాదే...